మూడు పెన్నులతో రాసిన డైరీ

నేను రాసిన పుస్తకం చూసి నేనే వణికిపోయిన రోజొకటి ఉంది. కథల పుస్తకం కాదు, అంత తెలివి నాకు లేదు. అది మెంటర్ డైరీ. నీలం అట్ట, లోపల ఒక్కో విద్యార్థికి రెండు పేజీలు, పేజీ మూలన ముఖం సరిగ్గా తెలియని జిరాక్సు ఫొటో.

నంద్యాలలో నేను చదువుకున్న కాలేజీలోనే లెక్కలు చెబుతాను. నేను చదివేనాటికి అది ఒక మేడ, రెండు రేకుల షెడ్లు. ఇప్పుడది యూనివర్సిటీ. గేటు దగ్గర ఆర్చి వచ్చింది, కొత్త బ్లాకులు లేచాయి, కోర్సులు పెరిగాయి, పిల్లలు పెరిగారు, అన్నిటికంటే బోర్డులు ఎక్కువ పెరిగాయి. విద్యార్థి సహాయ కేంద్రం అని ఒక గది, అధ్యాపకుల అభివృద్ధికని ఒక గది, పూర్వ విద్యార్థుల విభాగమని ఇంకో గది. ఆ మూడో గదికి నేనే ఇన్‌ఛార్జిని, ఎందుకంటే అక్కడ చదివి అక్కడే మిగిలిపోయినదాన్ని నేనొక్కదాన్నే. ఎగతాళికి చెప్పడం లేదు. ఆ గదుల్లో పొద్దంతా నిజంగా పనిచేసేవాళ్ళనూ చూశాను. కాకపోతే గదులు పెరిగినంత వేగంగా మనుషులకు తీరిక పెరగదు.

పిల్లలు ఎక్కువైపోయి ఎవరి ముఖం ఎవరికీ తెలియకుండా పోతోందని మా పెద్దలు ఒక మంచి ఆలోచన చేశారు. ఒక్కో లెక్చరర్‌కు పాతికమందిని అప్పగించారు. పదిహేను రోజులకొకసారి ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడాలి. చదువెలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, ఏమైనా ఇబ్బందా అని అడగాలి. విన్నది డైరీలో రాసి కింద సంతకం పెట్టించుకోవాలి. మీటింగులో చెప్పినప్పుడు అందరం తలూపాం. నేను మిగతావాళ్ళకంటే గట్టిగానే ఊపాను. ఆ తరవాత క్లాసులు, పేపర్లు దిద్దడం, వేసవిలో లాగే మిగిలిన సీట్లకు కొత్త పిల్లల్ని చేర్పించడానికి వెలుగోడు, కోయిలకుంట్ల, మా ఆళ్లగడ్డ వీధులు తిరిగి ఇంటింటికీ చెప్పి రావడం, వీటిలో పడి డైరీ సొరుగులోంచి బయటికి రాలేదు.

చలికాలంలో యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తుందని కబురు వచ్చింది. నాది ఏడాదికొకసారి కాంట్రాక్టు కాగితం మార్చే ఉద్యోగం. మంచి గ్రేడు వస్తే మాలాంటి వాళ్ళను పర్మినెంట్ చేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. కమిటీ మొట్టమొదట చూసేది మెంటర్ డైరీలేనని తెలిసేసరికి స్టాఫ్‌రూమంతా కాపీ రాసుకునే పిల్లల గదిలా తయారైంది. జూలై నెలకు నీలం పెన్ను, ఆగస్టుకు నల్లది, సెప్టెంబరు నుంచి జెల్ పెన్ను. నా పక్క సీటు ఆవిడ కాగితాలు మరీ కొత్తగా ఉన్నాయని చేతికి కొబ్బరినూనె రాసుకుని ఒక్కో పేజీ తిరగేసింది. నవ్వుకుంటూనే చేశాం. తప్పు చేస్తున్నామని ఒక్కరికీ అనిపించలేదు, నాకైతే అసలు అనిపించలేదు.

"చదువు బాగున్నది. ఇబ్బందులు లేవు" అని ఇరవై నాలుగు మందికి రాశాక నాకే అనుమానం వచ్చింది. ఇంతమందిలో ఒక్కరికీ ఏ కష్టమూ లేదంటే ఎవరు నమ్ముతారు? అందుకని ఆఖరి పేజీలో ఉన్న అమ్మాయికి కష్టాలు కల్పించాను. క్లాసులో లేచి మాట్లాడాలంటే భయపడుతోందని జూలైలో రాశాను. ఎవరితోనూ కలవక ఒంటరిగా ఉంటోందని ఆగస్టులో రాశాను. ధైర్యం చెప్పానని, కొంచెం మెరుగని, ఇప్పుడు బాగానే ఉందని మిగతా నెలలు నింపాను. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. జాబితాలో చివర ఉంది కాబట్టి ఎంచుకున్నాను, అంతే. రాశాక రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

సంతకాలకు పిల్లల్ని వరుసలో నిలబెట్టాం. రానివాళ్ళ సంగతేమిటని క్లాసు లీడరు అడిగితే, "ఎవరో ఒకరు కానియ్యండి పాపా, నన్ను సంపొద్దండి" అన్నాను.

కమిటీ రెండు రోజులకని వచ్చింది. మొదటి రోజు పొద్దున పూర్వ విద్యార్థులతో సమావేశం. నేను పిలిపించిన వాళ్ళలో బేతంచెర్లలో బండల పాలిష్ మిషన్లు నడిపే ఆయన ఒకరు, నాకు సీనియర్. లోపల మేము చెప్పమన్నవన్నీ చక్కగా చెప్పాడు. బయట టీ తాగుతూ మాత్రం నన్ను పక్కకు పిలిచాడు.

"మేడమ్, మన కాలంలో రెండు దినాలు రాకుంటే సారు సైకిలేసుకోని ఇంటికాడికి వస్తాండె. ఇప్పుడెవురన్నా పోతాండారా?"

"ఇప్పుడంతా ఫోన్లోనే అన్నా. పిల్ల రాకుంటే తల్లిదండ్రులకు మెసేజ్ పోతాది" అన్నాను గొప్పగా.

మధ్యాహ్నం మా డిపార్టుమెంటుకు వచ్చిన సభ్యుల్లో ఒక పెద్దాయనకు తెలుగు వచ్చు. మాట తీరు కోస్తా వైపుది. నా డైరీ తీసి నిదానంగా తిప్పుతూ ఆఖరి పేజీ దగ్గర ఆగాడు. చాలాసేపు చదివాడు. నేను పక్కన నిలబడి, బాగా రాసిన పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న దానిలా ఎదురుచూస్తున్నాను.

"చాలా శ్రద్ధగా చూసుకున్నారమ్మా ఈ అమ్మాయిని" అన్నాడు. "రేపు పదకొండింటికి తీసుకురండి. ఐదు నిమిషాలు మాట్లాడతాను."

సరే సార్ అన్నానో, తలూపానో గుర్తులేదు. ఆయన అటు వెళ్ళగానే క్లాసు లీడరును వెతికి పట్టుకున్నాను.

"ఆ పిల్ల యాడుంది?"

"దసరా సెలవులయినాంక రాలేదు మేడమ్."

"మరి సంతకం?"

"నేనే పెట్టినా. మీరే గదా కానియ్యమంటిరి."

ఆఫీసులో కంప్యూటర్ తీయించి చూశాను. హాజరు లేదని రోజూ మెసేజ్ పోతూనే ఉంది. తల్లిదండ్రుల నంబరు అన్న చోట కూడా ఆ పిల్ల నంబరే ఉంది. యూనివర్సిటీ ఇన్ని రోజులూ ఆ పిల్ల రాలేదన్న సంగతి ఆ పిల్లకే చెబుతూ వచ్చింది. ఆ నంబరుకు నేను ఫోన్ చేశాను. స్విచాఫ్. అడ్రసు చూస్తే మా ఊరే, ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేసే వీధి.

నేను రోజూ ఆళ్లగడ్డ నుంచే వచ్చిపోతాను. ఆ సాయంత్రం బస్సెక్కాక మొదట వేసిన భయం నా గురించే, అబద్ధమెందుకు. కాగితం మార్చరని, డైరీలన్నీ మళ్ళీ తీయిస్తారని, నా వల్ల స్టాఫ్‌రూమంతా బయటపడుతుందని. సగం దారిలో శిరివెళ్ళ వచ్చేదాకా అదే లెక్క. ఆ తరవాత ఏం తోచక, బయల్దేరే ముందు ఫోన్లో తీసుకున్న ఆ పేజీ ఫొటోను పెద్దది చేసి చదివాను. ఒంటరిగా ఉంటోంది. నా చేతిరాతే. క్లాసులో లేచి మాట్లాడాలంటే భయపడుతోంది. ఇదంతా నేను కల్పించింది. కానీ ఒక పిల్ల నెలన్నర రోజులుగా కాలేజీకి రాలేదన్నది కల్పన కాదు. నేను రాసిందే నిజంగా జరిగి ఉంటే? ఎవరికీ చెప్పుకోలేక ఏమైనా చేసుకుని ఉంటే? నంద్యాలలో కేసీ కాలువ ఉంది, రైలు పట్టాలున్నాయి. వద్దన్నకొద్దీ అవే కళ్ళ ముందుకొచ్చాయి. పక్కనావిడ మంచినీళ్ళ సీసా అందించింది, నా ముఖం ఎలా ఉందో మరి.

వాళ్ళ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో సగం చెక్కిన విగ్రహాలు, గోనెపట్టా కప్పిన నంది, అన్నిటిమీదా తెల్లటి దుమ్ము. ఇంటి వెనక షెడ్డులో రాయి కోసే మిషను మోగుతోంది. నన్ను చూడగానే ఆ తల్లి ముఖం విప్పారింది.

"మీరా మేడమ్! రండి రండి. ఎండాకాలం మీరే గదా మా ఇంటికొచ్చి సెప్పింది, మా కాలేజీలో చేర్చండి, మీ పాపను మా పాప మాదిరి చూసుకుంటామని."

ఆ రోజు ఎన్ని ఇళ్ళు తిరిగానో, ఎన్ని గడపల్లో ఆ మాట చెప్పానో. ఈ గడప నాకు గుర్తులేదు. ఆమెకు నా చీర రంగు కూడా గుర్తుంది.

"పాప ఉందా అమ్మా?" అన్నాను.

"ఇంగా కాలేజీ నుంచి రాలేదు మేడమ్. పొద్దున ఏడున్నర బస్సుకు పోతాది, సందకాడ ఆరున్నరకల్లా వచ్చేస్తాది. మీకు తెలీందేముంది."

నాకు తెలియంది అప్పుడే తెలిసింది. ఆ పిల్ల ఇంట్లోనూ లేదు, కాలేజీలోనూ లేదు. రోజూ పదకొండు గంటలు ఎక్కడుంటోందో భూమ్మీద ఎవరికీ తెలియదు. చెప్పాలి. నోరు తెరిచాను. "ఊరికే, ఇటుపక్క వచ్చి చూసిపోదామని వచ్చినా" అన్నాను.

ఆమె టీ పెట్టింది. పదో తరగతిలో వచ్చిన ప్రైజు చూపించింది. నేను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆరున్నర అయింది. ఏడు కావచ్చింది. వెనక మిషను మోగినంతసేపూ నాకు కాస్త ధైర్యంగా ఉండింది, అది ఆగితే తండ్రి వచ్చి అడుగుతాడని. అది ఆగింది. కనురెప్పల దాకా రాతిపొడితో ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఏందీ మేడమ్, ఇంత దూరం వస్తిరి? పాప ఏమన్నా తప్పు జేసిందా?"

"లేదప్పా, ఏం లేదు."

"ఏమన్నా ఉంటే సెప్పండి."

"ఏం లేదప్పా. బస్సు లేటయింటాది. నేను పోతాపోతా బస్టాండు కాడ చూసి పంపిస్తా."

ఆయన నన్ను నమ్మాడు. దానికే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. వీధి మలుపు తిరిగే దాకా మెల్లగా నడిచి, తిరిగాక పరిగెత్తినంత పని చేశాను. పోలీస్ స్టేషనుకు పోవాలా, ఇంటికి పోయి మా ఆయన్ని తీసుకురావాలా, ఏ బస్సు డ్రైవరును అడగాలి, ఏమని అడగాలి? ఆ పిల్ల ఎత్తెంత, ఏ రంగు, జడ ఒకటా రెండా అంటే ఏం చెప్పాలి? నేను ఆ పిల్లకు మెంటర్‌ను.

బస్టాండులో సిమెంటు బెంచీల మీద జనం పలచగా ఉన్నారు. ఆ చివర ఒకమ్మాయి ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చుంది. మెడలో మా యూనివర్సిటీ కొత్త ఐడీ కార్డు తాడు. నేను పేరు పిలిచేలోపే ఆమె లేచి నిలబడింది. నేనెవరో ఆమెకు బాగా తెలుసు.

"మేడమ్, ఇంట్లో సెప్పేసినారా?"

"లేదు."

అప్పుడు కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ మరుక్షణం నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ప్రాణం కుదుటపడగానే అరవడం మా పుట్టింటి నుంచి వచ్చిన గుణం.

"యాడ తిరుగుతాండావే రోజూ? నీకేమన్నా అయితే మీ అమ్మా నాయినా ఏం గావాల? ఒక్క మాట సెప్పాలని లేదా?"

ఆమె ఏడవలేదు. "మీరున్న బస్సులోనే వచ్చినా మేడమ్. రోజూ అదే బస్సే, మీ యెనకాల రెండు సీట్లు. ఈ పొద్దు మీరు దిగి మా ఈది దిక్కు పోతాంటే సూసి, భయమేసి ఈన్నే కూచుంటి" అంది.

మెల్లమెల్లగా చెప్పింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ అన్నీ ఇంగ్లీషు. సెప్టెంబరులో ఒక సారు సెమినార్ చెప్పమని నిలబెడితే నోరు పెగల్లేదట. ఎవరో వీడియో తీసి క్లాసు గ్రూపులో పెట్టారు. దసరా తరవాత గేటు దాకా వచ్చి లోపలికి అడుగు పడక వెనక్కి తిరిగింది. అప్పటినుంచీ రోజూ నంద్యాల బస్టాండులో ఆడవాళ్ళ గదిలో కూర్చుని, టెక్స్ట్‌బుక్కులో ఉన్నదున్నట్టు నోట్సులోకి ఎక్కించుకుంటోంది. బ్యాగు తెరిచి చూపించింది. ఐదు పుస్తకాలు, ఒక్క కొట్టివేత లేదు.

"నాకు సెప్పాల్సింది గదా పాపా."

"రెండుసార్లు వస్తి మేడమ్ స్టాఫ్‌రూముకు, సెలవుల ముందర ఒకసారి, పోయిన వారం ఎట్లనో ధైర్యం జేసి గేటు దాటి ఒకసారి. మీరు పనిలో ఉంటిరి. పోయిన వారమైతే అందరూ రాస్తాంటిరి. మీరు తలెత్తకుండానే, ఇప్పుడు గాదు, కమిటీ పోయినాంక రా అంటిరి."

నాకు లీలగా గుర్తొచ్చింది, గుమ్మం దగ్గర ఒక చున్నీ అంచు. అప్పుడు నా చేతిలో ఏ పెన్ను ఉందో కూడా గుర్తొచ్చింది. ఇంక దాచడం నా వల్ల కాలేదు. ఫోన్ తీసి ఆ పేజీ చూపించి, రేపు కమిటీ ఆయన నిన్ను రమ్మన్నాడని చెప్పాను. ఆమె లైటు కిందికి జరిగి నిదానంగా చదివింది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు. చదివి తలెత్తింది.

"ఇవన్నీ మీకెట్ల తెలుసు మేడమ్?"

ఆ కళ్ళలో సంతోషం ఉంది. ఎవరో ఒకరు తనను చూశారని. నేను జీవితంలో ఎన్నో అబద్ధాలాడాను, ఇంకొకటి ఆడితే ఆ పిల్ల సంతోషంగా ఇంటికెళ్ళేది.

"నాకు తెలీదు పాపా. పుస్తకం నింపల్లని కల్పించి రాసినా. నువ్వెవురో కూడా నాకు తెలీదు."

ఆమె ఫోన్ నాకు తిరిగి ఇచ్చేసింది. తరవాత, "రేపు ఆ సారుకు ఏమని సెప్పాల?" అని అడిగింది. నిజం చెప్పమనాల్సింది. నేను పిరికిదాన్ని. "నీ ఇష్టం పాపా" అన్నాను. ఇంట్లో మాత్రం తనే చెబుతానని, నన్ను చెప్పొద్దని మాట తీసుకుంది. వీధి మలుపు దాకా దిగబెట్టి వచ్చాను.

మర్నాడు బస్సులో నా పక్కనే కూర్చుంది. గేటు దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను. పదకొండింటికి ఆ పెద్దాయన ముందు ఇద్దరం నిలబడ్డాం. మా డిపార్టుమెంటు హెడ్డు కూడా ఉన్నాడు.

"మీ మేడమ్ నీతో మాట్లాడతారా అమ్మా?"

"మాట్లాడింది సార్."

"ఎప్పుడు?"

"నిన్న సార్. మా ఊరి బస్టాండులో."

హెడ్డు నా వైపు చూశాడు. పెద్దాయన డైరీ వైపు చూశాడు. ఇంక ఆ పిల్లను నిలబెట్టి అడిగించడం బాగుండదని, "ఆ పేజీ నేను కల్పించి రాసింది సార్, ఆ పేజీయే కాదు" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఇలాంటి డైరీలు చాలా ఊళ్ళలో చూశానని, ఇలా చెప్పినవాళ్ళను చూడలేదని అన్నాడు. ఆ అమ్మాయికి హాజరు సర్దుబాటు సంగతీ, ఇంగ్లీషుకు విడిగా క్లాసుల సంగతీ హెడ్డుతో అక్కడే మాట్లాడాడు. నా కాగితం ఇప్పటికీ ఏడాదికొకసారే మారుతోంది. దాని గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

ఆ మరుసటి పొద్దున ఏడున్నర బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బస్సు కదిలింది. ఆ పిల్ల రాలేదు. "ఆపప్పా, ఆపు" అని కేకేసి, డ్రైవరు తిడుతున్నా దిగేశాను. ఆ వీధిలోకి పరిగెత్తుతూ చెవులు రిక్కించాను. వాళ్ళ ఇంటి వెనక మిషను మోగడం లేదు. మిగతా షెడ్లన్నీ మోగుతున్నాయి, అదొక్కటే లేదు.

తండ్రి గడపలో కూర్చుని ఉన్నాడు. ఒంటిమీద రాతిపొడి లేదు. లోపల ఆ పిల్ల గొంతు, తల్లి గొంతు వినిపించాయి. బతికిపోయాననుకున్నాను. రాత్రి చెప్పేసిందని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

"మొన్న నేనడిగితే ఏం లేదంటిరి గదా మేడమ్" అన్నాడు.

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"భయపడినానప్పా" అన్నాను.

ఆయన కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"భయపడాల్సిన వాళ్ళం మేము గదా మేడమ్. నెలన్నర నా బిడ్డ యాడుందో తెలీకుండా నేను నిశ్చింతగా రాయి కోసుకుంటాంటి. మీకు తెలిసినాంక గూడా, ఆ పొద్దు మీరు నా ఇంట్లో టీ తాగి పోతిరే."